తెల్ల గౌను

ఆఫీసు నుంచి వచ్చిన భర్త, దవాఖానలో డ్యూటీ దిగిన భార్య లింగంపల్లి స్టేషను బయట కలుసుకుని ఇంటికి నడుస్తున్నారు.

“వారం సంది చెప్దామనుకుంటున్న. ఈసారి బోనస్ ఇయ్యలే.”

“తెల్వదా నీ మొహం చూస్తే.”

“పాపకు క్రిస్మస్ గౌను కొంటే, క్యారల్స్ పాడ వచ్చేటోళ్లకు కేకు, చాయ్ పెట్టనీకి ఏం మిగలవు.”

“గౌను కొనకు. కుట్టేసిన.”

“బట్ట యాడిది?”

“నా పెళ్లి చీర. బీరువాల ఉత్తగనే పచ్చబడ్తున్నది.”

“బతికిచ్చినవ్. కానీ ఆ తెల్ల చీర మా అమ్మ ముచ్చటపడి కొన్నది. పండుగనాడు చర్చిల గుర్తుపడ్తది.”

“గుర్తుపట్టుడేంది? కొయ్యనీకి నాకు చేతులు రాలే. కత్తెర పెట్టింది అత్తమ్మనే.”