మూడో గడిలోని తేదీ

పంతొమ్మిది వందల తొంభై రెండు జూన్ పదిహేనవ తేదీన మా ఆసుపత్రి రికార్డుల గదిలో టైపిస్టుగా చేరిన యువతి, ముప్పై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం నెట్‌వర్క్ అధికారిణిగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె అసలు పేరు హాజరుపట్టీకే పరిమితం. మనందరికీ ఆమె ‘ఎందుకు మేడమ్’.

టైపు మిషన్ స్థానంలోకి కంప్యూటర్ వచ్చిననాడు తక్కినవారు దాన్ని దెయ్యాన్ని చూసినట్టు చూస్తే, ఆమె భోజన విరామాల్లో దాని పుస్తకాన్ని చదివి ఆకళింపు చేసుకున్నారు. క్రమంగా యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోసాగాయి, వాటి రక్షణభారం ఆమె భుజాన పడింది. నెట్‌వర్క్ మొత్తానికీ బయట ఒక కాపలా ఉంది కదా అని అందరూ అంటే, “వీధి గేటు వేశామని పడగ్గది గడియ పెట్టుకోమా?” అని అడిగి, అరవై రెండు కంప్యూటర్లకూ దేనికది పర్సనల్ ఫైర్‌వాల్ అనే సొంత కాపలా అమర్చారు. కంప్యూటర్‌కు పోర్టులనే ద్వారాలు వేలకొద్దీ ఉంటాయి. వాటిలో అవసరమైనదాన్ని, అదీ నిర్ణీత ప్రోటోకాల్‌లో, అంటే ఒప్పుకున్న పద్ధతిలో మాట్లాడేవారికే తెరిచి, మిగిలినవన్నీ మూసి ఉంచడం ఆమె దీక్ష. ఏది తెరవమన్నా “ఎందుకు?” అనేవారు. శస్త్రచికిత్సా విభాగాధిపతి అడిగినా అదే ప్రశ్న. ఆయన ముఖం జేవురించినా అదే ప్రశ్న.

“ఇంట్లోనూ అంతేనండీ,” అంటారు ఆమె భర్త. “ఫ్రిజ్ తలుపు తీస్తే ఎందుకంటుంది. ఎందుకేంటి, ఆకలేసి!”

అంతటి ఆమె ఒకసారి ఏమరుపాటు పడ్డారు. ఎక్స్‌రే యంత్రం మొరాయిస్తే, దూరం నుంచే బాగుచేస్తానన్న మెకానిక్ కోసం ఒక పోర్టు తెరిచారు. యంత్రం బాగుపడింది; పోర్టు మూయడం మరిచారు. పదకొండో రోజు ఉదయం ఎవరో ఆగంతకుడు ఆ దారినే కంప్యూటర్లలోకి చొరబడి, చిత్రాలన్నిటికీ తాళం వేసేశాడు. ఎక్స్‌రే చిత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. బల్లల మీద రోగులు కిక్కిరిసిపోయారు. నెపం మెకానిక్ మీదికి నెట్టేస్తే అడిగేవారు లేరు. అయినా సూపరింటెండెంట్ గారి ఎదుట, అందరూ వింటుండగా ఆమె చెప్పారు: “తలుపు తీసింది నేనే సార్. మూయడం మరిచిందీ నేనే.”

ఆమె ముందే వేరుగా దాచిన నకళ్లతో చిత్రాలు సాయంత్రానికి తిరిగివచ్చాయి. అందాకా మణికట్టు విరిగి కూర్చున్న ఒక పెద్దాయనకు మంచినీళ్లు అందిస్తూ, మధ్యమధ్య క్షమాపణ చెబుతూ, ఆయన చేత “చాల్లేమ్మా, చెయ్యి కంటే నీ ఏడుపే ఎక్కువైంది” అనిపించుకున్నారు.

మర్నాడే ఒక గళ్ల పుస్తకం వెలిసింది. ఎందుకు, ఎవరికి, ఎప్పటిదాకా అని మూడు గడులు. మూడో గడిలో తేదీ లేనిదే ఏ పోర్టూ తెరుచుకోలేదు. ఆ తేదీ దాటి ఏదీ తెరిచి ఉండలేదు.

గత శుక్రవారం ఆమె తన బాధ్యతలను అప్పగించారు. ఇంటి నుంచి ఆసుపత్రి కంప్యూటర్లను చూసుకునేందుకు ఆమెకొక దారి ఉంది. “అది ఉంచేద్దాం మేడమ్,” అన్నారు ఆ బాధ్యతలు స్వీకరిస్తున్న సహోద్యోగిని. “ఏదైనా చిక్కొస్తే మాకు మీరేగా దిక్కు!” అది మా అందరి మాట కూడా. తానే పెంచిన ఆ అరవై రెండింటినీ రోజుకొక్కసారైనా చూసుకోవాలని ఆమెకూ ఉంది. అయినా గళ్ల పుస్తకం తెరిచి మొదటి పేజీ చూపించారు. ఎందుకు: ఉద్యోగ విధి. ఎవరికి: నాకు. ఎప్పటిదాకా: బాధ్యతలు అప్పగించే రోజు.

“ఫోన్ చెయ్యండి, ఎప్పుడైనా ఎత్తుతాను. ఇది మాత్రం మూసెయ్యమ్మా.”

మూశాక, తన ఫోన్ నుంచి లోపలికి రావడానికి తానే ప్రయత్నించి చూశారు. రాలేకపోయారు. “బాగుంది, నన్నూ రానివ్వలేదు,” అని నవ్వి, కళ్లు తుడుచుకున్నారు.

ఆ కర్తవ్యనిష్ఠకు మా వినమ్ర నమస్సులు. భర్తతోనూ బిడ్డలతోనూ ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. ఇకపై ఆమె మా గది గుమ్మంలోకి ఏ రోజు అడుగుపెట్టినా, ఎందుకని గానీ ఎప్పటిదాకా అని గానీ అడగబోమని ఇందుమూలంగా మాట ఇస్తున్నాము.