గున్నమ్మ తిట్లకు వల

భావనపాడులో చేపలమ్మే గున్నమ్మ ఇంటి అరుగు. ఎదురుగా కొత్త అల్లుడు యుగంధర్, ఒళ్లో లాప్‌టాప్.

"మీరు సేసిన సేపల సైటు నా బేరం ముంచీసింది బాబుగారూ. రోజూ కొనే గిరిబాబుకి అందులో మెసేజీ పెడితే ఒట్టి సుక్కలెళ్లినాయంట. 'పిన్నీ, నీకేటైనా అయిపోనాదా?' అని ఫోన్లో ఒకటే గోల!"

"ఆయనకేటని పెట్టినావత్తా?"

"ఏటని పెడతాను? 'గుంటెదవా, పీతలొచ్చినాయి, బేగి రా' అన్నాను."

"అదీ సంగతి. తిట్టు కనిపిస్తే సుక్కలెట్టీమని సైట్లో ఓ రూలు రాసినాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. వల లాటిది."

"తిట్టా? ఎవులు తిట్టినారు?"

"గుంటెదవా అంటే తిట్టు కాదా?"

"గిరిబాబునా? ఆడు నా బంగారం!"

"సరే, తప్పు నాదే. ఆ రూల్లో తిట్టు పక్కన ఓ సుక్కా, ఓ నక్షత్రం పెట్టీసినాను. అంటే, తిట్టు తర్వాత ఏటొచ్చినా మింగీమని..."

"పీతల్ని కూడా?"

"పీతలు, బేగి రా... మొత్తం."

"ఓలమ్మో! వల కన్ను ఎంతుందో సూసుకోకుండా ఏసీసినారా? మా దానమ్మకీ, నారాయణమూర్తికీ పెట్టినయ్యీ అంతేనా? నా పాత బేరాలన్నీ పోనాయి. మరి విజయనగరం అనూరాధ గారికి మెసేజీ బాగానే ఎళ్లింది కదా?"

"ఆవిణ్ణి నువ్వు 'అమ్మా, దయచేసి' అన్నావు."

"ముక్కూ మొకం తెలీని మనిషి. ఆవిణ్ణెందుకు తిడతాను?"

"అంటే, నీకు కావల్సినోళ్లకే సుక్కలు."

"ముందా రూలు తియ్యండి బాబుగారూ."

"తీస్తాను. ఒకటడగనా? దుర్గని నీకు సెప్పకుండా పెళ్లి సేసుకున్నానని ఇంకా కోపమేనా?"

"ఇప్పుడదెందుకు?"

"పెళ్లైన కాణ్ణుంచీ బాబుగారూ, కూకోండి, తినండి. ఈది కుక్కని కూడా గుంటెదవా అని పిలుస్తావు. నన్నొక్కసారైనా అన్నావా?"

"మీరు సదువుకున్నోరు..."

"ఈ సైటు నీకోసమే సేసినానత్తా. నువ్వు నన్ను నీ మనిషనుకుంటావని. సర్లే."

"ఏడుస్తన్నారా?"

"లేదు. ఉప్పుగాలి."

"ఆగండి. నా ఫోనేది? మీకో మెసేజీ పెడతాను."

"ఎదురుగానే ఉన్నాను కదా, నోటితో సెప్పు."

"నోటికి రాదు. ఏలితో రాస్తాను. ఊఁ... ఎళ్లింది, సూడండి."

"ఇంకా రూలు తియ్యలేదు కదత్తా, అది... అత్తా! ఒసే దుర్గా, బేగి రాయే! నాకూ సుక్కలే వచ్చినాయి!"