సెల్లార్ గోడ ఆరిన రోజు

నా పేరు మీరు పై గడిలో రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, అందరికీ నేను చెమ్మ మేస్త్రినే. వయసు యాభై మూడు. ఇళ్ల గోడలకు పట్టిన చెమ్మ పోగొట్టడం, తడితో పాడుపడిన సెల్లార్లను పొడి గదులుగా మార్చడం నా వృత్తి. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పదకొండో తేదీ సాయంత్రం ఇదే స్టేషన్లో ఒకసారి వాంగ్మూలం ఇచ్చాను. అందులో చెప్పినవన్నీ జరిగినవే, కానీ ఒక మాట దాచాను. అది చెప్పడానికి ఈరోజు, పధ్నాలుగో తేదీ ఆదివారం ఉదయం పది గంటలకు, ఎవరూ పిలవకుండా నా అంతట నేనే వచ్చాను.

మీ లాకప్‌లో ఉన్నవాడు నా భార్య తమ్ముడు. ముప్పై తొమ్మిదేళ్లవాడు, పదిహేనేళ్లుగా నా దగ్గరే పని. గదిలో నిప్పులు ఉన్నాయని హెచ్చరించకుండా మేము పనిచేస్తున్న ఇంటి పెద్దాయన చావుకు కారణమయ్యాడని వాడి మీద కేసు రాశారు. వాడు హెచ్చరించాడు. అది నాకెలా తెలుసో వరసగా చెబుతాను.

ఆ ఇల్లు కుట్టుపని నేర్పే టీచరమ్మది. పెద్దాయన ఆమె మామగారు, గడియారాలు బాగుచేసేవారు, డెబ్బై రెండేళ్లు. సెల్లార్‌కు పదమూడు మెట్లు దిగాలి, తలుపు అడుగున ఉంటుంది. గది పధ్నాలుగు అడుగుల పొడవు, పది వెడల్పు. ఒకటే కిటికీ, అదీ కప్పు దగ్గర జానెడు. మేము చేరేనాటికి గోడలు నడుమెత్తు దాకా ఉప్పు పట్టి, పెచ్చులు ఊడి, ముట్టుకుంటే మట్టి చేతికి వచ్చేది. టీచరమ్మ తన మిషన్లు అక్కడికి దించాలనుకుంది. కిటికీ కింది మూల మాత్రం మామగారికి, బల్ల వేసుకోవడానికి. ఆ మూల కోసం ఆయన పడిన సంబరం అంతా ఇంతా కాదు. రోజూ మెట్ల మీద నిలబడి, "ఏం మేస్త్రీ, మా గోడ ఏడుపు మానిందా?" అనేవారు. "ఇంకా ముక్కు చీదుతోంది సార్" అనేవాణ్ని. ఎనిమిది రోజులు ఇదే మాట, ఎనిమిది రోజులూ ఇద్దరం నవ్వుకున్నాం. మంచి మనిషి. ఈ మాట కేసుకు అక్కర్లేదేమో, అయినా రాయండి.

పాత పూత చెక్కేశాం. ఇటుకల మీది ఉప్పు ఇనప బ్రష్‌తో గీకాం. నీరు పట్టనివ్వని మందు కలిపి కొత్త పూత వేశాం. రంగు వేయాలంటే ఆ పూత లోపలిదాకా ఆరాలి. మామూలుగా మూడు వారాలు ఆగుతాను. సోమవారం కొత్త బ్యాచ్ చేరుతుందని టీచరమ్మ తొందరపెట్టింది. బొగ్గుల కుంపట్లు పెట్టి ఆరబెడదామన్నది నేనే. "ఫ్యాన్లు పెడదాం బావా, నాలుగు రోజులు ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు" అన్నాడు బావమరిది. "నాకు పని నేర్పకు" అన్నాను.

మా పనిలో ఆరేవి రెండు. గోడ ఆరాలి, నిప్పు ఆరాలి. రెంటికీ ఒకటే మాట. కుంపట్లు పెట్టినంతసేపు తలుపు, కిటికీ మూసి ఉంచుతాం. నిప్పు ఆరి, తలుపులు తెరిచి గంట గడిచాకే మనిషి లోపలికి వెళ్లాలి. ఆ బొగ్గుల గాలికి పొగ ఉండదు, వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టు కూలబడిపోతారు. అందుకే నేనూ వాడూ ఎప్పుడూ "గోడ ఆరిందా" అని, "నిప్పు ఆరిందా" అని విడివిడిగా అడుగుతాం. ఉత్తినే "ఆరిందా" అనం. ఈ నియమం పెట్టింది కూడా నేనే.

పదకొండో తేదీ గురువారం పొద్దున పది నలభైకి బావమరిది రెండు కుంపట్లు రాజేశాడు. కిటికీలో గోనెసంచి కుక్కింది నేను. "తలుపు మూసి ఉంచాలి" అని అట్టముక్క మీద రాసి మేకుకు తగిలించింది నేను. పదకొండింటికి వాణ్ని మందు డబ్బాల కోసం ఊరి అవతలి కొట్టుకు పంపింది కూడా నేనే. పన్నెండున్నరకు మెట్లు దిగి, తలుపు చెయ్యి పట్టేంత తీసి, పక్క గోడ తడిమి చూశాను. అరచేతికి పొడి పిండిలా అంటింది. అంత బాగా ఆరిన గోడను నేను ఈమధ్య చూడలేదు. కుంపట్లలో పైన తెల్లగా బూడిద ఉంది, అడుగున ఎర్రగానే ఉంది. అదీ చూశాను. తలుపు మూసి పైకి వచ్చాను.

ఒంటి గంట పది నిమిషాలకు నేను ఇంటి వెనక ఉన్నాను. గోడకు ఆనుకుని పేరుకున్న మట్టి తవ్వి తీస్తున్నాను. పెద్దాయన చేతిలో కొలత టేపుతో పెరటి గుమ్మంలోకి వచ్చారు.

"మేస్త్రీ, ఆరిందా?" అన్నారు.

నేను తల ఎత్తలేదు. నా మనసంతా ఆ గోడ మీదే ఉంది. "ఆరింది సార్. బ్రహ్మాండంగా ఆరింది" అన్నాను. గర్వంగానే అన్నాను.

"హమ్మయ్య" అని ఆయన లోపలికి వెళ్లారు.

నేను దాచిన మాట అదే. అక్కడ ఇంకెవరూ లేరు. లోపల మిషన్లు నడుస్తున్నాయి, ఎవరికీ వినబడి ఉండదు.

ఒకటీ యాభైకి టీచరమ్మ ఆయన్ని భోజనానికి పిలిచింది. పలకలేదు. రెండూ ఐదుకు బావమరిది డబ్బాలు మోసుకొచ్చి, "పెద్దాయన ఏరి బావా?" అన్నాడు. అప్పుడు నాకు ఆయన చేతిలోని టేపు గుర్తొచ్చింది. "సెల్లార్" అన్నాను. వాడే పరుగెత్తాడు. ఊపిరి బిగబట్టి లోపలికి దూరి ఆయన్ని భుజాన వేసుకుని పదమూడు మెట్లూ ఎక్కాడు. ఆయన లోపలికి వెళ్లాక తలుపు మూసుకున్నారు, అట్ట మీద నేను రాసినట్టే. కిటికీ మూలలో టేపు నూట పది సెంటీమీటర్ల దగ్గర పరిచి ఉంది. బల్లకు కొలత. రెండూ నలభైకి ఆసుపత్రిలో ప్రాణం లేదన్నారు.

ఆసుపత్రి వరండాలో టీచరమ్మ బావమరిది చొక్కా పట్టుకుంది. "నిప్పు పెట్టినవాడివి నువ్వే కదా, ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్పానమ్మా. కొట్టుకెళ్తూ చెప్పాను. లోపల నిప్పులున్నాయి, ఆరేదాకా దిగకండి, మేస్త్రిని అడిగి దిగండి అన్నాను."

"మరి ఎందుకు దిగారు? చెప్తే ఎందుకు దిగారు?"

వాడు నా వైపు చూశాడు. నేను బయటికి చూస్తున్నాను.

అయ్యా, ఆయన ఎనిమిది రోజులూ గోడ ఏడుపు మానిందా అని అడిగారే తప్ప, ఆరిందా అని ఒక్కసారీ అడగలేదు. ఆ మాట బావమరిది చెప్పి పంపిందే. వాడు చెప్పినట్టే ఆయన నన్ను అడిగారు. అడిగారంటే వాడు చెప్పినట్టేగా. ఆయన మొండికేసి దిగలేదు, వాడు మరిచిపోలేదు. ఇద్దరూ చేయాల్సింది చేశారు. నిప్పు గురించి అడిగితే నేను గోడ గురించి చెప్పాను.

నా భార్య మూడు రోజులుగా ఇక్కడికి తమ్ముడికి క్యారియర్ తెస్తోంది, మీరు చూసే ఉంటారు. శుక్రవారం నన్ను అడిగింది, "వాడు చెప్పాడా లేదా, నీకు తెలీదా?" అని. తెలీదన్నాను. ఈరోజు పొద్దున చెప్పాను. వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు. ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. నాకు భయంగా ఉంది. ఆ మాట కూడా రాయండి.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. పెద్దాయనతో నేనన్న మాట దగ్గర రైటరుగారు "గోడ ఆరింది సార్ అన్నాను" అని రాశారు. అర్థం కావడానికి కలిపామన్నారు. "గోడ" అన్న మాట కొట్టేయమని నేను అడిగాను. నేను గోడ అనలేదు. అని ఉంటే ఆయన దిగేవారు కాదు.

కొట్టివేత ఒకటి, నేను కోరగా నా ఎదుటే చేసినది. మిగిలినదంతా నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, నాకు తెలిసినంతలో నిజం. ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం) చెమ్మ మేస్త్రి