అమీర్‌సాబ్‌కు తగిన బండి

కాదప్పా హరీ, ఆ రిమోటుతో తోలే బ్యాటరీ బొమ్మకారు నా ముందర పెట్టొద్దని ఎన్ని తూర్లు చెప్పాల నీకు? చెప్పీ చెప్పీ నా పండ్లు రాలిపోయినాయి. అది పోతాంటే చప్పుడుండాదా? పిల్లి గోడ మీద నడిచినట్టు పోతాది. జీవితమంతా బస్సు తోలిన నా మొగునికి పిల్లిని ఇచ్చి తోలుకోమంటావా?

తెలుసబ్బా, తెలుసు. ఛార్జింగు పెడితే చాలు, పొగ రాదు, చేతికి జిడ్డంటదు, సరదాకు తోలుకునే కొత్తోళ్లకు అదే మేలు. పొద్దున్నుంచి నువ్వు అదే పాట. నాకు నైట్రో బండే కావాల. నూనె తాగి పొగ కక్కేది. పోయిన వారం గ్రౌండులో అది అరిచిన అరుపుకు గోరంట్లలో ఎనుములు పాలు ఎగ్గొట్టినాయంట, అట్లాంటిది చూపించు.

నవ్వు, నవ్వు. ఆ స్టూలు ఇట్లా జరుపు, కూర్చుంటా. మా సాబు ఎదురు హోటల్లో టీ తాగుతాండాడు. ఆయప్ప ఒక గ్లాసు టీ తాగేలోపల మనం పెనుకొండకు పోయి, కొండెక్కి, దిగి రావచ్చు. ఆలోపల మన బేరం తెగాల.

ఓనరు బస్సు అమ్ముకున్నాంక ఆయప్పను చూసినావా నువ్వు? ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా రోడ్డులో ప్రతి గుంతనూ పేరు పెట్టి పిలిచిన మనిషి. ఆయప్ప హారను వినపడితే ధర్మవరంలో మగ్గాల కాడ పడుగు వదిలేసి లేచి గడియారం సరిచేసుకునేవాళ్లు. అట్లాంటోడు మంచమెక్కి గోడకేసి చూస్తా పండుకుంటాడు. పెడితే తింటాడు, పెట్టకుంటే అడగడు. గోడ మీద బల్లి అంతకంటే ఎక్కువ పలుకుతాది. ఆ బల్లితోనే కష్టం సుఖం చెప్పుకుంటాండా నేను.

పోయిన వారం కూరగాయలకని పోయి, నీ బండి చుట్టూ జనాన్ని చూసి మేమూ నిలబడితిమి. నువ్వు దారం పట్టి లాగినావు. అది దగ్గింది, తుమ్మింది, నీలం పొగ వదిలింది. నేను ముక్కు మూసుకుంటే మా సాబు నిండుగా పీల్చినాడబ్బా, అత్తరు చూపించినట్టు. ఆ పొద్దు ఇంటికొచ్చి సంగటి ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు. ఒక ముద్దంటాండా గానీ, పదనుకో.

ఆ వారమంతా అదే ముచ్చట. పెద్ద ఇంజనుకు ఆశపడగూడదంట, సామాన్లు దొరికే బండి చూసుకోవాలంట. గాలి పీల్చేకాడ స్పాంజికి నూనె పట్టించకుంటే మన దుమ్ము ఇంజనును నమిలేస్తాదంట. కొత్త ఇంజనును మొదట్లో మెల్లగా తిప్పాలంట. వచ్చిన పొద్దే కోడలి చేత బండెడు అంట్లు తోమిస్తే ఉంటాదా, పుట్టింటికి పోతాది గానీ అని నాతోనే అంటాడు. పెండ్లయినాంక నాతో అన్ని మాటలు ఆడింది అప్పుడే. నేను మధ్యలో దగ్గితే యాడ ఆపేస్తాడో అని దగ్గుగూడా మింగినా.

ఆనెంక నిన్న నువ్వు రిమోటు ఆయప్ప చేతికిచ్చినావు.

పోయేటప్పుడు ఎంత నీటుగా పోయింది! మళ్లుకొని వచ్చేటప్పుడే గదా, ఎడం పక్క గోడకు పోయి గుద్దుకునింది. మళ్లీ ఇచ్చినావు. మళ్లీ ఎడం పక్కనే, ఆ రాళ్ల కుప్పకు. జనం నవ్విరి. నువ్వు మంచోనివి, భుజం మీద చెయ్యేసి చెప్పినావు. బండి మన దిక్కు వచ్చేటప్పుడు కుడి ఎడమైతాది, ఎడమ కుడైతాది, కొత్తలో అందరికీ ఇట్లే అయితాదంటివి. మా సాబు విన్నాడో లేదో. రిమోటు నీ చేతిలో పెట్టి ఏమన్నాడు?

"నాకు తోలేది మర్చిపోయింది హరీ" అన్నాడు.

అంతే, మళ్లా మంచం. ఈ పొద్దు కుక్కరు రబ్బరు కొనాల, రాకుంటే అన్నం ఉడకదని అబద్ధం చెప్పి ఈడిదాకా లాక్కొచ్చినా.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఆయప్ప ఈడికొచ్చినాంక, నిన్నటి బండిలో స్టీరింగు లోపల ఏదో వదులైపోయింది, అందుకే ఎడమకు గుంజింది, తప్పంతా బండిదే అని చెప్పు. నేను చెప్తే నమ్మడు. వాన పడతాండాది బట్టలు తీయాలంటే, బయటికి పోయి చెయ్యి చాపి చూసొచ్చే మనిషి. నీ మాటైతే నమ్ముతాడు.

అబద్ధం చెప్పనంటావా? అంగడి పెట్టుకొని ఏం మాటప్పా అది? నాలుగు ఆదివారాలు తోలితే అదే అలవాటైతాదంటావా?

కాదులే. అది కుడి ఎడమల సంగతి కాదు హరీ.

ఆ తలుపు కొంచెం దగ్గరికెయ్యి.

పోయిన నెల కండ్లు దురదలంటే డాక్టరు కాడికి తీసకపోతి. మిషనులో గడ్డం పెట్టించి చానాసేపు చూసినాడు. చూసి, కింద అంగడిలో మందు తీసుకోమని ఆయప్పను పంపిచ్చి, నన్ను కూర్చోబెట్టినాడు. కంటి నరం ఎండిపోతాండాదంట. ఎడం పక్క చూపు ఎప్పుడో పోయిందంట, మనిషికి తెలీకుండానే పోతాదంట. పోయింది మళ్లీ రాదంట. చుక్కలేస్తే మిగిలింది కొన్నాళ్లు నిలబడొచ్చు, నిలబడకనూ పోవచ్చు. దురద మందని చెప్పి నేనే వేస్తాండా. ఆ గోడ ఆయప్పకు కనపడలేదబ్బా. అంతే.

అట్లా చూస్తావేమి? ఇందులో కలిపి చెప్పేకి ఏముండాది?

చెప్పేయమంటావా? నేనూ అనుకున్నా. గిన్నె నిండా ధైర్యం తెచ్చుకొని పక్కన కూర్చున్నా. కానీ ఆయప్ప గుణం నాకు తెలుసు. ఎప్పుడో పోయిందంటే ఎప్పటి నుంచీ అని అడుగుతాడు. బస్సు తోలేటప్పుడేనా అంటాడు. ఎవురికీ ఏమీ కాలేదు, దేవుని దయ. అయినా ఎడం పక్క నడిచిపోయిన ప్రతి సైకిలోన్నీ, ప్రతి మేకనూ, ఇస్కూలు పిల్లోళ్లనూ తలుచుకుంటా కూర్చుంటాడు. ఇంక ఆ మంచం మీంచి నేను లేపగలనా?

తోలేది మర్చిపోలేదు ఆయప్ప. అది ఒకటన్నా ఆయప్పకు మిగలాల.

అందుకే బ్యాటరీది వద్దంటి. నూనె నువ్వు బెంగళూరు నుంచి తెప్పించియ్యి, చక్రం విరిగితే చక్రం తెప్పించియ్యి. ఇరుగుపొరుగు చెవులు పోయినా పోనీ, పక్కింటి చౌడమ్మకు ముందే సగం చెవుడు. వేగం అక్కర్లేదు. బాగా అరవాల, అంతే. ఇప్పుడు సగం కన్నుతో చూస్తాడు. రేపు అదీ లేకుంటే, దూరం పోతాండాదో దగ్గరికొస్తాండాదో చెవితో అన్నా పట్టుకుంటాడు గదా. ఇట్లా చెవితో తోలేకి అయితాదా అని ఆ డాక్టరును అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని.

అదో, లేచినాడు. వస్తాండాడు. చూడు, ఆడ ఎడం పక్కన సైకిలు నిలబెట్టినారు, చూడు... తగిలె. ఎవురు అడ్డం పెట్టినారని తిట్టుకుంటాండాడు. తిట్టుకోనీలే.

ఆ తలుపు తెరువు. నీ కండ్లు తుడుచుకో, నా కండ్లల్లో అయితే పొగ అంటా.

రాండి, రాండి. నిన్నటి బండిలోనే ఏదో లోపముండాదంట. నేను కాదు, హరీనే చెప్తాండాడు.

చెప్పు హరీ.