ఎడమ కన్ను ఒక్కటే ప్రశ్న

అలెగ్జాండ్రియా పెద్దాసుపత్రిలో ఆ రోజు డాక్టరు చదివే పిల్లలకు కంటి వైద్యంలో పరీక్షలు; రోగులమైన మేమే వాళ్లకిచ్చిన ప్రశ్నలం. కళ్లలో మందు చుక్కలు పడి నాకు చూపు మసకేసింది గానీ, అక్కడి పెద్దామెలందర్నీ పిలిచినట్టే అందరూ గౌరవంగా హజ్జా అని పిలిచే పక్క బల్ల మీది ముసలామె మాటలూ, ఆమె కంట్లో లైటు వేసి చూస్తున్న కుర్రాడి మాటలూ ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి.

“కదలకండి హజ్జా, నాకేమీ కనబడటం లేదు.”

“ఎలా కనబడుతుంది నాయనా? లైటు నా ముక్కు మీద వేశావు.”

“అయ్యో! ప్రొఫెసర్ గారు వచ్చేస్తున్నారు. ఈసారి కూడా తప్పితే మా నాన్న గుమ్మం తొక్కనివ్వడు.”

“ఏడవకు. ఎడమ కంట్లో నీటికాసులు, లోపలి నరం తెల్లగా పాలిపోయిందని చెప్పు. ఆరేళ్లుగా మీవాళ్లందర్నీ గట్టెక్కిస్తున్నది నేనే.”

“మీ చెయ్యి ముద్దు పెట్టుకుంటాను హజ్జా!”

“ముద్దులెందుకు గానీ, ఆ కుడి కన్ను కాస్త చూడు. రంజాన్ నుంచి అదీ మసకబారుతోంది.”

“కుడి కన్ను ప్రశ్నలో లేదు కదా?”

“పొద్దుట్నుంచి నీతో కలిపి ఆరుగురిదీ ఇదే మాట.”

“ప్రొఫెసర్ గారు వచ్చేశారు, ఊరుకోండి హజ్జా!”

“సరే పో డాక్టరూ. వచ్చే ఏడు వచ్చేవాడికి రెండు కళ్లూ అని చెబుతాలే. అప్పటికి వాడి మొహమే నాకు కనబడదు.”