పదకొండో ముక్క

పందొమ్మిది వందల తొంభై మూడు జూన్ పద్నాలుగో తేదీ సోమవారం ఉదయం, చంకలో చిత్రికా చేతిలో రంపమూ పట్టుకొని, మా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ వర్క్‌షాపులో వడ్రంగిగా విధుల్లో చేరిన మేస్త్రిగారు, ముప్పై రెండు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న సందర్భాన, వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. కాస్త మెత్తగా రాయమని కూడా కోరింది. నాకు మెత్తగా రాయడం రాదని ఈ సంస్థలో గోడలకు కూడా తెలుసు. కార్యదీక్ష, నిరాడంబరత, వినయశీలత వంటి విశేషణాలు మిగతా వ్యాసాల్లో పుష్కలంగా ఉంటాయి, అక్కడ చదువుకోండి. ఇందులో కోపం కనిపిస్తే అది మాత్రం మేస్త్రిగారి మీద కాదు.

తొలి రెండేళ్లు వారి నైపుణ్యమంతా కుంటి బల్లలకూ బిగుసుకుపోయిన కిటికీ రెక్కలకూ ధారపోశారు. నేను గణిత బోధన అధ్యాపకురాలిగా చేరి, మా ఆవరణలోని ప్రాథమిక పాఠశాల పిల్లలు చేత్తో పట్టుకొని లెక్క నేర్చుకోవడానికి చెక్కముక్కలు కావాలని అడిగాక గానీ ఆయన అసలు పనితనం బయటపడలేదు. ఒకట్లకు చిన్న ముక్కలు, పదులకు కడ్డీలు, వందలకు పలకలు. పది ముక్కలు వరసగా పేరిస్తే కడ్డీ అంత రావాలి, పది కడ్డీలు పేరిస్తే పలక అంత రావాలి. పది అంటే నోటితో వల్లెవేసే మాట కాదనీ, వేళ్లకు తగిలే పొడవనీ అయిదారేళ్ల పసివాళ్లకు తెలిసేది అక్కడే. మేస్త్రిగారు కడ్డీని స్కేలుతో కొలిచేవారు కాదు. ముందు ముక్కలన్నీ కోసి, గరుకు కాగితంతో నునుపు చేసి, పదింటిని వరసగా పేర్చి, దాన్నిబట్టి కడ్డీ కోసేవారు. ఎందుకని అడిగితే, రంపం కూడా తన వాటా తింటుందని చెప్పారు. కోత పడిన ప్రతిచోటా మిల్లీమీటరు చెక్క పొట్టుగా రాలిపోతుందని, గణితంలో పట్టా పుచ్చుకున్న నాకు ఆయన చెప్పేదాకా తట్టలేదు.

ఈ కొలతల పిచ్చి ఇంట్లోనూ వదిలేది కాదని వారి శ్రీమతి, నేను వదినగారని పిలిచే ఆవిడ, చెప్పగా విన్నాను. పెళ్లయిన కొత్తలో పుట్టింటివాళ్లు భోజనానికి వస్తే, సాయం చేస్తానని ఈయన చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నారట. ఒక్కొక్క ముక్కనూ పక్క ముక్కతో సరిచూసుకుంటూ ఉంటే, మామగారు ఆకలికి తాళలేక మంచినీళ్లు తాగి పడుకున్నారట. ఆ రోజు నుంచి ఆయన చేతికి కత్తి ఇవ్వడం మానేశానని వదినగారు నవ్వుతారు.

రెండువేల తొమ్మిదిలో, మేస్త్రిగారి ముక్కలు నెమ్మదిగా వస్తున్నాయని, పన్నెండు వందల పాఠశాలలకు ఒకేసారి బయట కోయించిన ముక్కల పెట్టెలు సరఫరా చేసే ఘనకార్యానికి పైవారు పూనుకున్నారు. ఎర్ర పెట్టె, మూత మీద నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ. పరిశీలన సంఘంలో నేనున్నాను, మేస్త్రిగారు లేరు. వడ్రంగిని కూర్చోబెడితే కమిటీ కుర్చీ అరిగిపోతుంది కాబోలు. నేను ముక్కల సంఖ్య సరిచూశాను, రంగు చూశాను, సంతకం పెట్టాను. పది ముక్కలు తీసి కడ్డీ పక్కన పెట్టి చూసే బుద్ధి మాత్రం నాకు లేకపోయింది.

ఆ పెట్టెలతో మొదటి ప్రదర్శన పాఠం నేనే చెప్పాను, వెనక వరసలో అధికారులు ఆసీనులై ఉండగా. ఒకటో తరగతి పాప ఒకతె, రెండు జడలది, కడ్డీ పక్కన ముక్కలు పేర్చుకుంటూ పోయింది. పదో ముక్క పెట్టాక కూడా చివర ఖాళీ మిగిలింది. ఇంకొకటి పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. ఎన్ని ముక్కలమ్మా అని అడిగితే పదకొండు అంది. మళ్లీ లెక్కపెట్టమన్నాను. పదకొండే అంది. మూడోసారి నా గొంతు పెరిగింది. ఆ పాప ముక్కల వంక చూడడం మానేసి నా మొహం వంక చూసింది. చూసి, వేలి కింద పదకొండు ముక్కలు ఉండగానే, పది అంది. అధికారులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కిటికీ గడియ బిగించడానికి వచ్చిన మేస్త్రిగారు చేతిలో పని పక్కన పెట్టి ముందుకొచ్చారు. "పాప సరిగ్గానే చెప్పింది మేడమ్. ముక్కలే కురచగా ఉన్నాయి," అన్నారు. అందరి ముందూ కొలిచి చూపించారు. పది సెంటీమీటర్ల కడ్డీని పది ముక్కలు చేయాలంటే తొమ్మిది కోతలు పడతాయి, తొమ్మిది మిల్లీమీటర్లు పొట్టుగా పోతుంది. అలా తరిగిన ముక్కలను తరగని కడ్డీ పక్కన పేరిస్తే పదకొండు పడతాయి. అధికారులు మొహాలు మాడ్చుకుని వెళ్లాక, మేస్త్రిగారు నన్ను కోరింది ఒక్కటే.

"ఆ పాపకి మీరే చెప్పండి మేడమ్, తనది తప్పు కాదని. నేను చెప్తే నమ్మదు. టీచరు చెప్తేనే నమ్ముతుంది."

రేపు చెప్తానన్నాను. మర్నాడు మొహం చెల్లక సెలవు పెట్టాను. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ పాప చేతులు వెనక్కి పెట్టుకుంటోందని క్లాసు టీచరు చెప్పినా, ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చాను. ఇంతలో వేసవి సెలవులు వచ్చాయి. బట్టలు కుట్టుకుని బతికే ఆ పాప తల్లి ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది.

మరి సంస్థ ఏం చేసింది? పెట్టెలు వెనక్కి పంపిందా? లేదు. ముక్కలను కడ్డీ పక్కన పేర్చరాదనీ, విడిగా మాత్రమే లెక్కించవలెననీ సర్క్యులర్ వేసింది. అంతకన్న సిగ్గుమాలిన కాగితం నా జన్మలో చదవలేదు. లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపిన నేరానికి మేస్త్రిగారిని హాస్టల్ మంచాల మరమ్మతుకు పంపింది. ఈ పదహారేళ్లూ ఆయన అక్కడే ఉన్నారు, పల్లెత్తు మాట అనలేదు. పని గంటలు ముగిశాక హాస్టల్ వరండాలో కూర్చుని, విరిగిన మంచాల చెక్కతో మా పాఠశాలకు నలభై సెట్లు చేసిచ్చారు. మా పిల్లలు ఇవాళ పట్టుకుంటున్నవి అవే. ఆ పన్నెండు వందల పాఠశాలల పిల్లలకు ఆ భాగ్యమూ లేదు.

గత సోమవారం కొత్త పెట్టెలు వచ్చాయి. అదే రంగు, అదే కోత. ఈసారి నేను పేర్చి చూశాను. సంతకం పెట్టలేదు, ఎందుకు పెట్టలేదో ఒక పేజీ రాసిచ్చాను. వీడ్కోలు సభ ముందు ఈ రభస అవసరమా అని కొందరు నన్ను అడిగారు. మేస్త్రిగారి చేతిలో జ్ఞాపిక పెట్టి, ఆ వెంటనే ఈ పెట్టెలు పిల్లలకు పంచిపెడితే దాన్ని సన్మానం అనరు, అవమానం అంటారు. నాకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. హాస్టల్లో మంచాలు కూడా చాలానే ఉన్నాయి, పంపితే నిక్షేపంగా పోతాను.

మేస్త్రిగారూ, మీరూ వదినగారూ ఆయురారోగ్యాలతో, మోకాళ్ల నొప్పులు లేకుండా, చిరకాలం చల్లగా ఉండాలని ఈ సంస్థ కోరుకుంటోంది. నేను అంతకన్న గట్టిగా కోరుకుంటున్నాను. మీరు చెప్పమన్న మాట చెప్పడానికి నాకు పదహారేళ్లు పట్టింది. ఆ పాపకు ఇప్పుడు ఇరవై రెండేళ్లు ఉంటాయి, ఈ సంచిక ఆమె చేతికి అందకపోవచ్చు. అయినా అచ్చులో ఉండాలి. తల్లీ, ఆ రోజు నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావు. తప్పు నాది.