టిఫిన్ డబ్బాలో జీపు తాళం: ఆడెపు సోమలింగం గారు

1986వ సంవత్సరం జూలై ఏడవ తేదీన, ఎడతెరిపిలేని వానలో ఉధ్నా నుంచి సైకిలు మీద వచ్చి, తడిసిన చొక్కాతోనే హాజరు పట్టీలో సంతకం చేసి, మన సంస్థ వాహన మరమ్మతు విభాగంలో శిక్షణార్థిగా చేరిన శ్రీ ఆడెపు సోమలింగం గారు, 2021 డిసెంబరు ముప్పై ఒకటిన అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేయుచున్నారు. ఆనాడు తడిసి వచ్చిన మనిషి తడిసిన బండ్లకే తన ఉద్యోగ జీవితాన్ని ధారపోయడం యాదృచ్ఛికమో దైవసంకల్పమో చెప్పలేము కాని, ఆ సేవాఫలాన్ని అనుభవించినవారము మాత్రం మనమే. ఈ సందర్భాన మన సంస్థలోని తెలుగు ఉద్యోగుల సంఘం ఆయనకు సమర్పించుకుంటున్న అభినందన ఇది.

సిరిసిల్ల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చి ఉధ్నాలో మరమగ్గం నడిపిన కార్మికుని జ్యేష్ఠ పుత్రులు సోమలింగం గారు. మగ్గాల చప్పుడు మధ్యనే పాఠాలు వల్లించి, మెకానికల్ డిప్లొమాలో ఉత్తీర్ణులై, ఇంట నెల జీతం తెచ్చిన తొలి వ్యక్తి అనిపించుకున్నారు. మగ్గం చప్పుడులో తేడా వస్తే ఏ పుల్ల విరిగిందో నిద్రలో సైతం చెప్పగలిగిన తండ్రిగారి చెవి కుమారునికి సంక్రమించిందని విభాగంలో పెద్దలు చెప్పుకునేవారు. శ్రీమతి పద్మారాణి గారిని పరిణయమాడి, తమ్ముళ్ళను చదివించి, తాపీ నదికి ఆవల అమ్రోలిలో స్వగృహం నిర్మించుకొని, శిక్షణార్థి నుంచి పర్యవేక్షకులుగా, అటుపై విభాగాధిపతిగా అంచెలంచెలుగా ఎదిగారు.

మన సంస్థ పైపులైను ఖాడీలను, అంటే సముద్రపు పోటు లోపలికి చొచ్చుకువచ్చే పాయలను, దాటుకుంటూ సాగుతుంది. దాన్ని కాపలా కాసే జీపులకు నీళ్ళలో దిగడం నిత్యకృత్యం. నీళ్ళు దాటి వచ్చిన జీపును కడిగి ఎండబెడితే చాలునని లోకం అనుకుంటుంది. సోమలింగం గారు అనుకోరు. ఇంజను మొదలు ఇరుసుల దాకా నూనె తీసి చూసి, పాలు కలిసిన చాయ్ రంగు కనబడితే అంతా మార్చి, చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పట్టించి, తీగల ముడులకు సైకిలు ట్యూబు ముక్కలు బిగించిన పిమ్మటే ఆ బండిని గేటు దాటనిచ్చేవారు. ఆయన పనిలో ఇంత ఓర్పు ఉన్నా, మాటలో లేదన్నది బహిరంగ రహస్యం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెతను ఆయన నోరు ఎన్నడూ లెక్కచేయలేదు; అయినా ఊరు ఆయనను ప్రేమిస్తూనే వచ్చింది.

ఆయన నెలకొల్పిన ఆచారం ఒకటి ఇక్కడ స్మరించక తప్పదు. నీళ్ళ మధ్య ఇంజను ఆగిందా, డ్రైవరు దాన్ని మళ్ళీ స్టార్టు చేయరాదు. తాళం తీసి, బండిని లాగించి, ఆ తాళాన్ని తెచ్చి సోమలింగం గారి చేతికి అప్పగించాలి. ఆయన దాన్ని తన టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో వేసి మూత బిగిస్తారు. ఇంజనులో నీటిచుక్క లేదని తేలేదాకా ఎంతటి అధికారి అడిగినా ఆ మూత తెరుచుకోదు. మన జీపుల తాళాలన్నింటికీ మామిడికాయ పచ్చడి వాసన ఎందుకుంటుందో కొత్తగా చేరినవారికి ఆలస్యంగా బోధపడేది.

2020లో మహమ్మారి వచ్చింది. బయటి మనుషుల రాకపోకలు తగ్గించడానికి ఖాడీ అవతలి పంపింగ్ కేంద్రంలో సిబ్బందిని వారాల తరబడి అక్కడే ఉంచవలసి వచ్చింది. బియ్యమైనా, మందులైనా వారికి చేరవేసినది ఒకే ఒక్క జీపు. అది వచ్చిన ప్రతిసారీ క్రిమిసంహారక ద్రావణం పిచికారీ చేయించేవారు. జీపు ఇరుసులకూ, డీజిలు ట్యాంకుకూ గాలి ఆడడానికి సన్నని గొట్టాలుంటాయి. సోమలింగం గారు వాటిని ఊపిరి గొట్టాలంటారు. ఆ ద్రావణం వాటిలోకి పోకుండా పిచికారీకి ముందు ఆయనే స్వయంగా పట్టీలు చుట్టి, తరువాత ఆయనే విప్పేవారు. ఆ పనికి మరొకరి చేతిని ఆయన నమ్మలేదు.

ఆగస్టులో, గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్లు, వరద వచ్చింది. అవతలి కేంద్రంలో ఆపరేటరు లక్ష్మీకాంత్ గారికి జ్వరం ముదిరి, శ్వాస భారమైంది. పడవలన్నీ నగరంలో మునిగిన వీధుల్లో తిరుగుతున్నాయి. లారీ బరువును ఖాడీ బురద మోయదు. ఉదయం ఆటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, డ్రైవరు రాజ్‌కిరణ్ జీపుతో ఖాడీలో దిగాడు. కొంతదూరం పోగానే ఇంజను దగ్గి ఆగిపోయింది. నీళ్ళు బానెట్ మీదికి ఎక్కాయి. ఆచారం ప్రకారం అతడు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. గట్టుమీదివారు తాళ్ళు వేసి జీపును వెనక్కి లాగారు. తాళం డబ్బాలోకి వెళ్ళింది. మరుసటి ఆటు సాయంత్రానికి గాని రాదు. అది కూడా తప్పితే లక్ష్మీకాంత్ గారు ఇంకో రాత్రి అక్కడే గడపాలి. గడపగలరని ఎవరికీ నమ్మకం లేదు.

లక్ష్మీకాంత్ గారి భార్య సుప్రజ వర్క్‌షాపు గేటు దగ్గరికి పరుగున వచ్చింది. ముఖానికి మాస్కు ఉన్నా ఆమె ఏడుస్తున్నట్లు తెలుస్తూనే ఉంది.

"అంకుల్, ఒక్కసారి స్టార్ట్ చేసి చూడండి! నడుస్తుందేమో కదా! ఏక్ బార్, అంకుల్!"

ఆలస్యం అమృతం విషమని పక్కనున్నవారూ వంతపాడారు. సోమలింగం గారు డబ్బాను చంకన పెట్టుకున్నారు.

"ఇది నీళ్ళు మింగిన బండి బిడ్డా. గిప్పుడు తాళం తిప్పితే లోపల రాడ్డు వంగుతది. గప్పుడు సాయంత్రం కాదు, నెల దాంక లేవదు. ముందుగాల మింగింది కక్కియ్యాలె. జర ఓపిక పట్టు."

ఆమె గేటు కడ్డీలు పట్టుకొని నిలబడిపోయింది. సోమలింగం గారు ఇంజెక్టర్లు విప్పి, ఇంజనును చేత్తో తిప్పగానే లోపలి నీళ్ళు మనిషెత్తు చిమ్మాయి. తాళం తిప్పమన్నవారికి కారణం అప్పటికి బోధపడింది. ఈలోగా ఒకరిద్దరు రాజ్‌కిరణ్ మీద పడ్డారు, గుంత చూసుకోకుండా దించాడని. "నేను సీదా దారిలోనే పోయిన సాబ్, దానికదే బంద్ అయింది" అని అతడు మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

అప్పుడు సోమలింగం గారు జీపు కిందికి దూరారు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఆయన చేతిలో తడిసిన పట్టీ ముక్కలున్నాయి. ముందురోజు లక్ష్మీకాంత్ గారి కబురు విన్న కంగారులో, పిచికారీకి ముందు తాను చుట్టిన పట్టీలను ఆయన విప్పడం మరిచారు. గాలి ఆడని ట్యాంకు నుంచి డీజిలు రాక ఇంజను నీళ్ళ నడుమ ఆగింది. గాలి ఆడని ఇరుసులు వేడి చల్లారుతూ నీటిని లోపలికి పీల్చుకున్నాయి. ఆ ముక్కలను ఆయన గుప్పిట్లో దాచుకుని ఉంటే అడిగే నాథుడు లేడు. ఆయన నేరుగా గేటు దగ్గరికి నడిచి, అందరూ వినేటట్లు చెప్పారు.

"తోలినోని తప్పు లేదు. ఊపిరి మూసినోణ్ణి నేను. గీ పట్టీలు నా చేతులతోని చుట్టి, ఇడువ మర్చిన. నన్ను తిట్టు బిడ్డా."

సుప్రజ తిట్టలేదు. కళ్ళు తుడుచుకొని, "అయితే మీరే వెళ్ళి తీసుకురండి అంకుల్" అన్నది.

ఆ మధ్యాహ్నం ఆ వర్క్‌షాపులో జరిగిన పని చూసినవారు ధన్యులు. నూనెలన్నీ మారాయి. హోసు పైపుల దుకాణాలు మూతపడి ఉండగా, మన వైద్యశాల నర్సు సూర్యకుమారి గారు కాలం చెల్లిన రబ్బరు గొట్టాలు తెచ్చి, "ఇయి ఇంక మనుషులకి పనికిరావండి, మీ బండికి పెట్టీండి" అన్నారు. ఊపిరి గొట్టాలన్నీ వాటితో జీపు కప్పుదాకా ఎగబాకాయి. ఇంజను గాలి పీల్చుకునే దారికి ప్లాస్టిక్ నీటి పైపు తగిలించి అద్దం పక్కగా నిలబెట్టారు. ముందువైపు తార్పాలిన్ కట్టారు. ఫ్యాను నీళ్ళను కొట్టకుండా దాని బెల్టు విప్పారు. అన్నీ అయ్యాక డబ్బా మూత తెరుచుకుంది. ఒక్క తిప్పుతోనే ఇంజను పలికింది.

మధుమేహం ఉన్న పెద్ద వయసు ఉద్యోగులు అటువంటి పనులకు వెళ్ళరాదని ఉత్తర్వు ఉంది. ఆ రెండూ వర్తించే సోమలింగం గారు దాన్ని గౌరవంగా విని, రాజ్‌కిరణ్ పక్కన ఎక్కి కూర్చున్నారు. సాయంత్రపు ఆటులో, తలుపుల సగం దాకా నీళ్ళు ఒరుసుకుపోతుండగా, "ఆపకు, తొందరపడకు, గట్లనే పోనియ్యి" అంటూ ఆ ఒక్క మాటతోనే ఖాడీ దాటించారు. వెలుగు పూర్తిగా పోకముందే లక్ష్మీకాంత్ గారు దుప్పటిలో చుట్టుకొని ఇవతలి గట్టుకు చేరారు. మరికాస్త ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదని ఆసుపత్రి వైద్యులు తరువాత చెప్పారు.

తరువాత సోమలింగం గారికీ జ్వరం వచ్చింది. ఇంట్లో పడుకొని విభాగానికి ఫోను మీద ఫోను చేస్తూ అందరినీ కాల్చుకుతింటుంటే, పద్మారాణి గారు ఆ ఫోనును లాక్కొని టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించారు. "నీ ఒంట్ల జ్వరం పోయిందాక గిది తెరువ" అన్నారట. మన విభాగాధిపతి గారికి ఎదురు చెప్పగలిగిన ఏకైక అధికారి ఆమె అని ఈ విధంగా రుజువైంది.

ఆయన చేతికింద పని నేర్చినవారు నేడు ఈ సంస్థలో ఎన్నో స్థానాల్లో ఉన్నారు. ఆయన కోపాన్ని వారు ఇట్టే మరిచిపోతారు. ఆ తడిసిన పట్టీలను అందరి ముందూ చూపిన చేతిని మరువలేరు. పొరపాటు జరిగినప్పుడు ముందుగా చెప్పేవాడే ఈ విభాగంలో పెద్దవాడన్న మర్యాద ఆ రోజు నుంచే ఏర్పడింది.

విరమణ రోజున ఉద్యోగిని పూలమాలలతో కార్యాలయపు కారులో ఇంటికి దిగబెట్టడం మన ఆనవాయితీ. ఈ సంచిక మీ చేతికందే సాయంత్రం సోమలింగం గారు మాత్రం కారు వద్దని, ఆ జీపే కావాలని కోరారు. అమ్రోలి దాకా లక్ష్మీకాంత్ గారు నడుపుతారు. వెనుక పద్మారాణి గారి పక్కన సుప్రజ కూర్చుంటుంది. తాపీ మీద వంతెన ఉన్నది, నీళ్ళలో దిగే పని లేదని ఎంత చెప్పినా, బయలుదేరే ముందు ఒకసారి కిందికి దూరి ఊపిరి గొట్టాలు చూడనిదే ఎక్కనని ఆయన షరతు పెట్టారు. చూడనిద్దాం. ఆ షరతులు, ఆ కోపం, ఆ పచ్చడి డబ్బా అన్నీ యథాతథంగా నిలిచి, సోమలింగం గారు పద్మారాణి గారితో కూడి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనమందరమూ కోరుకుందాం. మనకంటే ముందు, వరద దాటి వచ్చిన తన భర్త చేయి పట్టుకొని ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళగలిగిన సుప్రజ ఇప్పటికే కోరుకుంది.